రెండో ఓబద్య

నా పేరు విషయంలో మా నాన్న బుర్ర ఉపయోగించలేదు. రాజోలు దగ్గర మా పేటలో చర్చి కట్టించిన పెద్దాయన పేరు ఓబద్య అయ్యగారు. ఆయన చనిపోయిన ఏడాది పుట్టిన మగపిల్లలందరికీ, కృతజ్ఞత కొద్దీ, అదే పేరు పెట్టేశారు. బడిలో హాజరు వేస్తే ముగ్గురం ఒకేసారి పలికేవాళ్లం. మాస్టారికి చిరాకు పుట్టి ఒకణ్ణి పొట్టి ఓబద్య అన్నారు, ఒకణ్ణి కాలవగట్టు ఓబద్య అన్నారు, నా దగ్గరికి వచ్చేసరికి ఏమీ తోచక ‘ఇంకో ఓబద్య’ అని ఊరుకున్నారు. పదో తరగతి దాకా నేను ఇంకో ఓబద్యనే.

కువైట్ వస్తే ఈ పీడ వదులుతుందనుకున్నాను. అబ్బాసియాలో తెలుగు ఆరాధనకు వెళ్లిన మొదటి శుక్రవారమే పాస్టరుగారు నా పేరు అడిగి, ఆ పేరుతో మనకి ఒకాయన ఉన్నాడే అన్నారు. ఆ ఒకాయన అమలాపురం వాడు, ఓ పెద్ద కువైటీ ఇంట్లో డ్రైవరు. వయసులో నాకంటే చిన్న, కానీ నాకంటే ముందొచ్చాడు. అందుకని అతను ఉత్త ఓబద్య, నేను టైలర్ ఓబద్య. నా వెనకాల రెండో ఓబద్య అంటారని కూడా నాకు తెలుసు.

అతను మంచివాడు. అదే నాకు ఒళ్లు మంట. ఎవరికి జ్వరం వచ్చినా కారులో ఆసుపత్రికి తీసుకెళ్తాడు, ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లను గదికి చేరుస్తాడు, పని పోయినవాడికి బియ్యం పంపిస్తాడు. వాళ్లంతా కృతజ్ఞత చెప్పుకోవడానికి నా దుకాణానికి వస్తారు. ఒకసారి ఒకాయన అరటిపళ్ల గెల తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఓబద్యని నేను కాదండీ అంటే, కళ్లు తుడుచుకుని గెల పట్టుకుని వెళ్లిపోయాడు. రెండు పళ్లైనా ఇవ్వలేదు. అప్పటికీ నా పేరు నాదేనని చాటుకోవడానికి దుకాణం మీద ‘ఓబద్య లేడీస్ టైలర్స్’ అని పెద్దక్షరాలతో బోర్డు రాయించాను. దాంతో వచ్చేవాళ్లు ఇంకా పెరిగారు.

లేఖనాల్లో కూడా ఈ పేరు పరిస్థితి ఇంతే. చిన్న ప్రవక్తల్లో ఓబద్య రాసింది ఒక్క అధ్యాయం, పేజీ తిప్పితే దాటిపోతుంది. పేరు పుణ్యమా అని సండే స్కూల్లో అదంతా నాచేత కంఠతా పట్టించారు. మొదటి నుంచి చివరిదాకా ఎదోము వాళ్ల మీద కోపమే. తోడబుట్టిన జాతి ఊరు దోపిడీ అవుతుంటే పక్కన నిలబడి చూశారనీ, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోతున్నవాళ్లను దారులు కలిసే చోట కాపు వేసి పట్టి అప్పగించారనీ ఆయన మంట. ఆ కోపం నాకు బాగా నచ్చేది. నేనూ కోపిష్ఠినే.

ఆయన కాకుండా ఇంకో పదిమంది దాకా ఓబద్యలున్నారు. ద్వారపాలకుడొకడు, ఒడంబడిక మీద ముద్ర వేసినవాడొకడు, దేవాలయం మరమ్మతుల దగ్గర కూలీల మీద పెత్తనం చేసినవాడొకడు, ఎవరికో తండ్రి ఒకడు. అందరూ పేర్ల వరసలో నిలబడినవాళ్లే. పని చేసినవాడు ఒక్కడే, అహాబు రాజు ఇంటి పెత్తనదారు. రాణి ప్రవక్తలను చంపిస్తుంటే నూరుమందిని గుహల్లో దాచి రొట్టె, నీళ్లు పెట్టి పోషించాడు. అదే రాజు కొలువులో ఉంటూనే పోషించాడు. ఆ పెత్తనదారే తర్వాత ప్రవక్త అయ్యాడని కొందరు పెద్దలంటారు గానీ మా పాస్టరుగారు ఒప్పుకోరు. నా లెక్కలో మాత్రం ఆ ఒక్కడి వాటా డ్రైవరుకు పోయింది, మిగిలిన వరస నాకు వచ్చింది.

మొన్న అక్టోబరు ఆఖరు శుక్రవారం సంగతి ఇది. మా ఆరాధన ఓ పాత బిల్డింగు నేలమాళిగలో జరుగుతుంది. ముందు వరసలో ఒక ఫోను నిలబెట్టి అంతా లైవ్‌లో పంపిస్తారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు శుక్రవారం సెలవు దొరకదు కదా, వాళ్లు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పైన స్కార్ఫ్ కప్పుకుని, గిన్నెలు తోముతూ వింటారు. పాటలయ్యాక ప్రార్థన మనవులు. ఎవరి బాధ వాళ్లు లేచి నిలబడి చెప్పుకుంటారు, అందరం కళ్లు మూసుకుని దేవుడికి అప్పగిస్తాం. ఆ రోజు మోకాళ్ల నొప్పులయ్యాయి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రెన్యూవల్ అయింది, తర్వాత చిట్టెమ్మ లేచింది. ఆవిడ మా వైపు మనిషే, రోజుకు మూడిళ్లలో పని చేస్తుంది.

“ఓబద్య తమ్ముడు శానా సాహసం చేశాడండి,” అంది. “ఇంట్లోంచి వచ్చేసిన ఓ ఆడకూతుర్ని దాచిపెట్టాడు. ఆదివారం ఎంబసీకి చేరేదాకా ఆ బిడ్డనీ, ఓబద్యనీ ఎవరి కంటా పడకుండా ప్రభువు కాయాలని ప్రార్థన చెయ్యండి.”

చిట్టెమ్మకు చాడీలు చెప్పే అలవాటు లేదు. ఆవిడ దృష్టిలో ప్రార్థన మనవి అంటే దేవుడి చెవిన వేయడమే, దేవుడికి చెప్పింది బయటికి ఎలా పోతుంది? పక్కన ఉన్న వందమందీ, ఫోనులో వింటున్న నాలుగొందలమందీ ఆవిడకు కనిపించరు. మాలో ఎవరికీ కనిపించరు, నిజానికి. ఎవరి రోగాలు, ఎవరి తగాదాలు ఇలా ఊరెక్కలేదు గనుక? అందరూ ఆమెన్ అన్నారు, కళ్లు తెరిచారు, నా వైపు చూశారు. వెనకనుంచి ఎవరో నా భుజం నొక్కారు.

డ్రైవరు ఆ రోజు రాలేదు. శుక్రవారం యజమానులు షికార్లకు వెళ్తారు గనుక అతను ఎప్పుడూ రాడు. నేను కాదు అని లేచి అరుద్దామనుకున్నాను. అరిస్తే, మరి ఎవరు అంటారు. ఫోను ఇంకా లైవ్‌లోనే ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను, తర్వాత ప్రసంగంలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంటికి వెళ్తే మా ఆవిడ అరుణజ్యోతి అప్పటికే వినేసింది. ఆవిడ ఒక క్లినిక్‌లో నర్సు, ఆ రోజు డ్యూటీ. మీరు కాదుగా అని ఒకటే ప్రశ్న. కాదన్నాను. అయితే ఆదివారం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోండి అంది. పారిపోయిన పనిమనిషిని దాచినవాణ్ణి పట్టుకుంటే దేశం దాటించేస్తారు, మళ్లీ అడుగు పెట్టనివ్వరు. అబ్బాసియాలో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. మా కెజియా పన్నెండో తరగతి, మార్చిలో పరీక్షలు. నా దుకాణం, ఇల్లు, నా బతుకంతా ఇక్కడే.

కూర్చోలేకపోయాను. డ్రైవరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. కాసేపటికి తనే చేసి, ఫోనులో ఏం మాట్లాడొద్దు, అమ్ఘరా రమ్మన్నాడు. నాలుగు తిట్లు తిడితే తప్ప కడుపుమంట చల్లారేలా లేదు. నా పాత సన్నీ కారు తీసి బయల్దేరాను. దారంతా వెనక వచ్చే ప్రతి కారూ నా వెంటే వస్తున్నట్టుంది. రెండుసార్లు తప్పు మలుపు తిరిగాను.

అమ్ఘరాలో ఇనప తుక్కు కొట్లు, కలప అడితులు దాటి లోపలికి పోతే అతని యజమాని యార్డు ఉంది. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకుని ఉండటం ఇక్కడి షావుకార్లకు సరదా. ఆ గుడారాలూ, చక్రాల మీద లాక్కెళ్లే కేరవాన్లూ మిగతా ఏడాదంతా ఆ యార్డులో పడుంటాయి. సీజను దగ్గరికి వస్తోంది కాబట్టి వాటిని కడిగి సిద్ధం చేసే పని డ్రైవరు మీద పెట్టారు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. గేటు తీసి, నా వెనక మళ్లీ మూసి, ఒక తెల్ల కేరవాన్ దగ్గరికి తీసుకెళ్లాడు.

లోపల మంచం అంచున ఓ ముప్ఫై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. చిట్టెమ్మ ఇచ్చిన నైటీ ఆమెకు పొట్టిగా ఉంది. పక్కన ప్లాస్టిక్ సంచిలో ఖుబ్జ్ రొట్టెలు, నీళ్ల సీసాలు. ఆ రొట్టె, నీళ్లు చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వీడికి ఇది కూడా సరిగ్గా కుదరాలా అనిపించింది.

ఆమె పేరు ముబీనా, రాయచోటి మనిషి. డ్రైవరు యజమాని చెల్లెలి కొడుకు బద్ర్ అని ఉన్నాడు, భార్య లేదు, ఒక చిన్న కొడుకు. ఆ పిల్లవాణ్ణి పెంచడానికి వచ్చింది. గురువారం సాయంత్రం చెత్త పారేయడానికి వీధిలోకి వచ్చి, డ్రైవరు కారు కనిపిస్తే తలుపు తీసి వెనక సీట్లో కూర్చుందట. అన్నా, ఎంబసీ కాడ దించు అందట. శుక్ర, శని సెలవులు కాబట్టి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయిన మనిషి సంగతి చూసేవాళ్లు ఆదివారం గానీ ఉండరని ఎవరో చెప్పారు. అప్పటిదాకా ఎక్కడ ఉంచాలో తెలియక ఇక్కడికి తెచ్చాడు.

ఏమ్మా, కొట్టారా అని అడిగాను.

“కొట్టలేదన్నా, తిట్టలేదు,” అంది. “కూడు బాగానే పెట్టినారు. ఇంటికి పంపియ్యరు, అంతే. రంజాన్ అయిపోనీ అంటారు, ఎండలు పోనీ అంటారు, పిల్లోడు బడికి పోనీ అంటారు. నేను వచ్చేటప్పుడు మా పాపకు నడక రాలేదు. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే మాయమ్మకు ఇచ్చేసి, ‘అవ్వా, కువైట్ ఆమె చేసింది’ అంటాది.”

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు. మా కెజియా రోజూ నాతో వైఫై కోసం పోట్లాడుతుంది. ఆ పోట్లాట ఎంత భాగ్యమో నాకు అప్పటిదాకా తెలియలేదు. తిడదామని తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. ఆమె ఇంకా చాలాసేపు మాట్లాడింది. మాట్లాడే మనిషి దొరక్క ఎన్నాళ్లయిందో.

బయటికి వచ్చాక డ్రైవరు గేటు తాళం సరిగ్గా పడిందో లేదో మూడుసార్లు లాగి చూశాడు. అతన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. ముబీనా కోసం ఇతని యజమాని ఒక కారులో ఫర్వానియా వైపు తిరుగుతున్నాడట. అబ్బాసియా వైపు గాలించమని ఇతన్ని పంపించాడట.

“నిన్నటి నించీ ఎతుకుతానే ఉన్నానండి అన్నయ్యా,” అన్నాడు నవ్వబోయి. “పెట్రోలు కూడా ఆయనే కొట్టించాడు.”

కరువు రోజుల్లో అహాబు రాజూ, పెత్తనదారు ఓబద్యా గడ్డి వెతకడానికి ఒకరు ఒక దారిన, ఒకరు ఇంకో దారిన బయల్దేరారని ఉంది. ఆ మాట చెబితే అతను నా మొహంలోకి చూశాడు.

“ఆ ఓబద్యకి కూడా ఇలాగే బయమేసిందంటారా?”

“వేసింది,” అన్నాను. “రాజు నన్ను చంపేస్తాడని మూడుసార్లు అన్నాడు.”

అతనికి అది కాస్త ఊరటగా ఉన్నట్టుంది. తర్వాత, ఎవరైనా మిమ్మల్ని అడిగితే నేను కాదని చెప్పేయండి, నా సంగతి చెప్పేయండి అన్నాడు. ఏమని చెప్పను, ఓబద్య కాదు, ఓబద్య అని చెప్పనా అన్నాను. ఇద్దరం నవ్వాం గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

శనివారం మధ్యాహ్నం మునీంద్ర నా దుకాణానికి వచ్చాడు. అతను పనిమనుషులను తెప్పించే ఆఫీసు నడుపుతాడు, ముబీనాను ఆ ఇంట్లో పెట్టింది అతనే. మనిషి పారిపోతే ఆ ఇంటికి జవాబు చెప్పుకోవాల్సింది కూడా అతనే. మునీంద్ర ఇంట్లో వంటావిడ మా ఆరాధన వింటుంది. ఆవిడ లౌడ్‌స్పీకరు పెట్టుకుని కూర తరుగుతుంటే చిట్టెమ్మ మనవి ఇతని చెవిన పడింది. ఓబద్య అనగానే అతనికి తెలిసిన ఓబద్య నా బోర్డు మీదివాడే. వెంట ఒక కువైటీ వచ్చాడు. తెల్లటి పొడుగు దిష్దాషా అంగీ నలిగి ఉంది, గడ్డం గీసుకోలేదు. అతనే బద్ర్ అని మునీంద్ర చెప్పాడు.

మునీంద్ర మర్యాదగానే మాట్లాడాడు. మనమంతా తెలుగోళ్లం, పోలీసుల దాకా ఎందుకన్నాడు. ఆమె ఎక్కడుందో చెప్పేస్తే తను తీసుకెళ్లి ఆ ఇంట్లో దించుతానన్నాడు. చెప్పకపోతే బంగారం ఎత్తుకుపోయిందని కేసు పెట్టిస్తానన్నాడు. బంగారం మాట బద్ర్‌కు అర్థమైనట్టు లేదు, అతను నా దుకాణంలో వేలాడుతున్న జాకెట్లవైపు చూస్తున్నాడు.

నేను కాదు అంటే సరిపోయేది. అది నిజం కూడా. కానీ ఆ మాట అనగానే మునీంద్ర పక్క దుకాణంలో అడుగుతాడు, పక్క దుకాణంవాడు డ్రైవరు సంగతి చెప్తాడు. వాళ్లు యార్డుకు వెళ్తారు. దారులు కలిసే చోట నిలబడి పారిపోయేవాళ్లను అప్పగించినవాళ్ల మీద ఆ ప్రవక్త పెట్టిన శాపనార్థాలు నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అవి ఎక్కడో ఎదోములోవాళ్ల కోసం అనుకుంటూ పెరిగాను. ఆ రోజు అబ్బాసియాలో, నా దుకాణం ముందు, ఆ కూడలి నాకు ఎదురుగా కనిపించింది.

“ఆదివారం పొద్దున చెప్తాను,” అన్నాను.

ఆ మాట తప్పయింది. తెలియదని చెప్పే తెలివి ఆ నిమిషాన నాకు లేకపోయింది. తెలుసు కాబట్టే ఆదివారం అంటున్నాడని మునీంద్ర చప్పున పట్టేశాడు. అరగంటలో నేను పోలీస్ స్టేషన్లో ఉన్నాను. ఇక్కడివాళ్లు దాన్ని మఖ్ఫర్ అంటారు.

ఆఫీసరు కుర్రవాడు, ఓపికున్నవాడు. నా సివిల్ ఐడీ తిప్పి తిప్పి చూసి ఇదేం పేరన్నాడు. ఒక ప్రవక్త పేరు, దేవుడి దాసుడని అర్థం అన్నాను. అంటే అబ్దుల్లా అన్నమాట, ఈ స్టేషన్లోనే అరడజను మందిమి ఉన్నాం అన్నాడు. లోకంలో నా పేరు గొడవ అర్థం చేసుకోగల మనిషి దొరికితే, అతను నన్ను లోపల పెట్టేవాడయ్యాడు. ఆమె ఎక్కడుందో చెప్పేదాకా బెంచీ మీదే కూర్చోమన్నాడు. కూర్చోవడం నాకు చేతకాదు. లేచి గోడ దాకా నడవడం, పోలీసు కసరడం, మళ్లీ కూర్చోవడం.

సాయంత్రం అరుణజ్యోతి అన్నం తెచ్చింది. ఆవిడ ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. డ్రైవరు మా ఇంటికి ఫోను చేశాడట, వచ్చి తనే అని చెప్పేస్తానన్నాడట. యార్డు తాళం వాడి దగ్గరుంది, కారు వాడి దగ్గరుంది, వాడొచ్చి ఇక్కడ కూర్చుంటే ఆమెను ఎవరు తీసుకెళ్తారని అడిగాను. రేపు పొద్దున దాకా కదలొద్దని చెప్పమన్నాను.

“కెజియా అడిగింది, నాన్న నిజంగా దాచారా అని,” అంది వెళ్లబోతూ. “లేదన్నాను. నమ్మలేదండీ అది. స్కూలు వాట్సాప్ గ్రూపులో అందరికీ చెప్పేసింది. దానికి శానా గొప్పగా ఉంది.”

ఆ మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా కూతురు జీవితంలో మొదటిసారి నన్ను చూసి గర్వపడుతోంది, అదీ పక్కవాడు చేసిన పనికి. కావాలంటే రేపు ఆదివారం నిజం చెప్పి బయటపడొచ్చు. ముబీనా ఎంబసీ మెట్లెక్కగానే నాకు ఇందులో పని లేదు. డ్రైవరు సంగతి డ్రైవరు చూసుకుంటాడు. ఈ మాట వెయ్యిసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ న్యాయంగానే ఉంది, అయినా ఒక్కసారీ మనసు కుదుటపడలేదు.

ఆదివారం పొద్దున మునీంద్ర, బద్ర్ ఇద్దరూ వచ్చారు. నేను చెప్తానన్న మాట కోసం నా ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. నీళ్లు కావాలన్నాను, బాత్రూమ్ అన్నాను, ఎలాగో కాలం గడుపుతున్నాను. అంతలో మునీంద్ర ఫోను మోగింది. విన్నాడు. మొహం మాడ్చుకున్నాడు. పిల్ల ఎంబసీలోకి పోయింది, ఖలాస్ అని తెలుగులో నాకూ అరబీలో వాళ్లకూ చెప్పి, తన పని అయిపోయినట్టు లేచి వెళ్లిపోయాడు. నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

ఆఫీసరు తన కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. నా దుకాణం ఎదురు బఖాలా, అంటే కిరాణా కొట్టు, కెమెరాలో గురువారం సాయంత్రం అంతా నేను మిషను మీద వంగి కుడుతూనే ఉన్నాను. ఈమెను తీసుకెళ్లింది నువ్వు కాదు, ఇంకెవరో అన్నాడు. ఆ ఇంకెవరి కోసమో వెతికే ఓపిక తనకు లేదనీ, ఆమె ఎంబసీలో ఉంది కాబట్టి అవసరం కూడా లేదనీ చెప్పాడు.

“ఒక్కటి చెప్పు,” అన్నాడు. “నువ్వు ఆమెను చూశావా, లేదా? చూడలేదంటే ఇంటికి వెళ్లిపో. చూసి కూడా మాకు చెప్పలేదంటే నేను రాయాలి, రాస్తే నీ ప్రయాణమే.”

ఇంతకంటే దయగా ఎవరూ అడగరు. డ్రైవరు పేరు చెప్పనక్కర్లేదు, ఎవరినీ అప్పగించనక్కర్లేదు. చూడలేదు అనే ఒక్క ముక్క చాలు. దుకాణం, మార్చి పరీక్షలు, అరుణజ్యోతి చేతి అన్నం, అన్నీ ఆ ముక్కకు అవతల ఉన్నాయి. నోరు తెరిచాను.

అప్పటిదాకా మాట్లాడని బద్ర్ ముందుకు వంగాడు. మూడు రాత్రులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు అర్థం కావాలని నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పే అరబీలో అడిగాడు.

“ఆమె నా కొడుకు గురించి ఏమైనా అడిగిందా? గురువారం నుంచి వాడు అన్నం ముట్టడం లేదు. ఎవరు పెట్టినా తోసేస్తున్నాడు.”

నాకు ముందు కోపమే వచ్చింది. నీ కొడుకు గురువారం నుంచి తినకపోతే నీకింత అయితే, రాయచోటిలో తల్లిని మరిచిపోయిన పాప సంగతేమిటి అని అడగాలనిపించింది. కానీ అతను నన్ను చూస్తున్న చూపు యజమాని చూపు కాదు. ఆకలితో ఉన్న పిల్లవాడి తండ్రి చూపు. కేరవాన్‌లో ముబీనా అంతసేపు మాట్లాడిందన్నానే, అందులో సగం ఆ పిల్లవాడి గురించే. ఆ మాటలు నా దగ్గర ఉన్నాయి. నా దగ్గర తప్ప ఈ గదిలో ఇంకెవరి దగ్గరా లేవు.

“అడిగింది,” అన్నాను. “గుడ్డులో పచ్చసొన తీసేస్తే తింటాడట. అది కనబడితే పళ్లెం తోసేస్తాడట. మీ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు, పస్తుంటాడేమోనని ఏడ్చింది.”

బద్ర్ లేచి గబగబా వరండాలోకి వెళ్లాడు. తలుపు పూర్తిగా పడలేదు. ఇంటికి ఫోను చేసి ఎవరికో గుడ్డు గురించి చెబుతున్నాడు, సొన తీసేయాలని రెండోసారి, మూడోసారి చెబుతున్నాడు.

ఆఫీసరు ఒక కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి, నా పేరు చెప్పమన్నాడు. చెప్పాను.